ఒక ఇల్లు, రెండు రైళ్లు

1977లో, ఎమర్జెన్సీ ఎత్తేసిన కొన్నాళ్లకు, తెనాలి కుర్రాడొకడు జీటీ ఎక్స్‌ప్రెస్‌లో దిల్లీ చేరాడు. చేతిలో గుమాస్తా ఉద్యోగం ఆర్డరు, సంచిలో అమ్మ పెట్టిన కందిపొడి. ఇవాళ ఆయన వసంత్ కుంజ్‌లో దిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) ఫ్లాట్లలో ఉంటున్న పింఛనుదారు. పేరు రాయొద్దన్నారు. ఆయన పేరు లేకుండానే మన రాజకీయాలన్నీ నడిచాయి. కానీ ఆయన గడప తొక్కకుండా ఒక్కటీ పోలేదు.

1984 ఆగస్టులో పదవి పోగొట్టుకున్న ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కు వచ్చినప్పుడు, ఈయన ఆఫీసుకు సెలవు పెట్టి ఆంధ్రభవన్ దగ్గర నిలబడ్డారు. చక్రాల కుర్చీలో ఆయన్ని చూసి ఏడ్చేశానని చెబుతారు. రెండు నెలలు గడిచాయో లేదో, ఇందిరాగాంధీ హత్య, ఆ వెంటనే సిక్కుల మీద దాడులు. ఆర్కే పురం క్వార్టర్లలో పక్కింటి సర్దార్జీ కుటుంబాన్ని లోపలికి తీసుకుని తలుపు వేశారు. “మూడు రాత్రులు లైటు వెయ్యలేదమ్మా. పసిపిల్ల ఏడుస్తుందేమోనని మా ఆవిడ ఒళ్లోంచి దించలేదు.” ఆ రోజుల గురించి అంతకుమించి మాట్లాడరు.

1979 డీడీఏ పథకంలో లక్షమందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. వాళ్లలో ఆయనొకరు. లాటరీలో ఫ్లాటు తగిలేసరికి కొడుకు హైస్కూలుకొచ్చాడు. ఆరావళి రాళ్ల మీద కట్టిన ఈ కాలనీలో నీళ్ల ట్యాంకరు హారన్ వినబడితే బిందెలతో పరుగే. చుట్టూ గుట్టల నిండా సర్కారు తుమ్మ. ఆ గుట్టల్లో మాల్స్ కట్టొద్దని జనం పోరాడారు. 2006లో సుప్రీంకోర్టు కట్టుకోనిచ్చింది. ఆ తీర్పు తప్పని నేనూ అనుకుంటాను.

అయితే ఈ ఇంటిని నిజంగా కుదిపింది 2014 ఫిబ్రవరిలో వచ్చిన తెలంగాణ బిల్లు. ఆయన భార్యది హనుమకొండ. లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన రోజు ఇద్దరూ ఒకే టీవీ ముందు కూర్చున్నారు. ఐదు రోజులకు బిల్లు గట్టెక్కింది. ఆయన అన్నం ముట్టలేదు. ఆవిడ పరమాన్నం వండారు. “1969లో మా అన్న లాఠీదెబ్బలు తిన్నడు. ఆ సంగతి ఈయనకెట్ల తెలుస్తది?” అంటారు. ఆయన బదులు చెప్పరు. మర్నాడు గిన్నె అడుగున మిగిలింది తిన్నానని మాత్రం ఒప్పుకుంటారు. ఇద్దరిలో ఎవరిది న్యాయమని నేను అడగలేదు. రెండు బాధలూ నిజమే.

ఏటా వాళ్లను కాజీపేట చేర్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. పాత పేరు విశాఖ రైలుకు వెళ్లింది, అది విజయవాడ మీదుగా పోతుంది. ఈ వేసవికి ఏ రైలుకు టికెట్లు తీయాలో ఇంకా తేల్లేదు. కొడుకు విమానం ఎక్కమంటాడు. ఆవిడ ససేమిరా అంటారు. ఆవకాయ జాడీలు రెండు వైపుల నుంచీ తేవాలట.