కంప్యూటరు మొసలిని పెంచడం ఎలా?

సంగారెడ్డి దగ్గర మంజీర నదిలో మొసళ్ళున్నాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1978లో అక్కడి జలాశయాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు మీరే ఒక కంప్యూటరు ఆట తయారు చేస్తున్నారనుకోండి. ఆటలో ఒక నది, ఒక పడవ, ఒక మొసలి. మొసలి బొమ్మను ఎవరో తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు, దాన్నే తెచ్చుకున్నారు. తీరా ఆటలో పెట్టి చూస్తే అది పడవ పక్కన బల్లిలా ఉంది! దాన్ని పెద్దది చేయాలి. ఎలా?

"దానికేముంది, సాఫ్ట్‌వేర్ ఉంటుంది గదా" అంటారు. ఉంటుంది. కాని స్నేహితుడి ఇంట్లో తెరుచుకున్న సాఫ్ట్‌వేర్ బడిలోని కంప్యూటరులో తెరుచుకోదు. "మాది పాత కంప్యూటరు, మాకిది రాదు" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. అలా వదిలేయడం నాకు బొత్తిగా నచ్చదు. బొమ్మను పెంచడం ఒక పని, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మరొక పని. మొదటిదానికి మీకు వచ్చిన లెక్కలు చాలు.

ముందు మొసలి సంగతి చూద్దాం. తెరమీద దాని చర్మం ఎంత నున్నగా కనిపించినా అది చిన్న చిన్న త్రిభుజాలూ, చతుర్భుజాలూ అతికించిన కూర్పే. వాటి మూలల్లో ఉండే ఒక్కొక్క బిందువు ఎక్కడుందో చెప్పడానికి మూడు సంఖ్యలు కావాలి. గ్రాఫు కాగితం మీద రెండు సంఖ్యలు చాలు. ఇక్కడ లోతు కూడా ఉంది కాబట్టి మూడు. "ఓబీజే" అనే రకం ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. వేవ్‌ఫ్రంట్ అనే అమెరికన్ కంపెనీ రూపొందించిన పద్ధతి ఇది. లోపల రహస్యమేమీ లేదు. వరుస మొదట "వి" అనే ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన మూడు సంఖ్యలు. అలాంటి వరుసలు వందలూ వేలూ ఉంటాయి. అదే మీ మొసలి!

మరి దాన్ని రెండింతలు చేయాలంటే? ఆ సంఖ్యలన్నిటినీ 2తో గుణించాలి. అంతే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా లోపల చేసేది ఈ గుణకారమే.

అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. మొసలి ముక్కు 10 దగ్గర, తోక చివర 13 దగ్గర ఉన్నాయనుకుందాం. పొడవు 3 మీటర్లు. రెండుతో గుణిస్తే ముక్కు 20కి, తోక 26కి పోతాయి. పొడవు 6 అయింది, బాగానే ఉంది. కాని మొసలి ఉన్నచోట లేదు. 10 మీటర్లు జరిగి నది దాటి ఒడ్డెక్కింది! ఎందుకంటే గుణకారం మూలబిందువు నుంచి కొలుస్తుంది. సున్నాను దేంతో గుణించినా సున్నాయే గదా. అందుకని కదలకుండా ఉండవలసిన బిందువును ముందు సున్నాకు తెచ్చుకోవాలి. 10 తీసేయండి: 0, 3. గుణించండి: 0, 6. మళ్ళీ 10 కలపండి: 10, 16. ముక్కు ఉన్నచోటే ఉంది, తోక పెరిగింది. మూలబిందువు మొసలి నడుమ ఉంటే మరో చిక్కు: పొట్ట నేలలోకి దిగబడిపోతుంది. దాన్ని కాళ్ళ దగ్గరకు తెచ్చుకుంటే ఆ గొడవ ఉండదు.

ఫైలులో "ఎఫ్"తో మొదలయ్యే వరుసలు కూడా కనిపిస్తాయి. ఏయే బిందువులను కలిపితే ఒక ముఖం అవుతుందో అవి చెబుతాయి. వాటిలోని సంఖ్యలు హాజరుపట్టీలోని నెంబర్ల వంటివి. పిల్లవాడు పొడుగు పెరిగితే రోల్ నెంబరు మారుతుందా? అందుచేత వాటిని ముట్టుకోకూడదు. "వి ఎన్" వరుసలనూ అంతే. అవి చర్మం ఏ దిక్కుకు తిరిగి ఉందో చెబుతాయి. అన్ని వైపులా సమంగా పెంచినప్పుడు దిక్కు మారదు.

కొలత ప్రమాణం విషయంలో మాత్రం జాగ్రత్త. అర అంగుళం బోల్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 12 మిల్లీమీటర్ల నట్టు పట్టదని పటాన్‌చెరు వర్క్‌షాపులో ఎవరినడిగినా చెబుతారు. ఓబీజే ఫైలులో 3 అని ఉంటుంది గాని, అది మీటర్లో అంగుళాలో ఉండదు. అంగుళాల్లో చేసిన బొమ్మను మిల్లీమీటర్లుగా చదివితే అది 25.4 రెట్లు చిన్నదవుతుంది. మన బల్లి రహస్యం బహుశా ఇలాంటిదే!

ఇక సాఫ్ట్‌వేర్ ఎందుకు తెరుచుకోదు?

పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో మీ ఇళ్ళలోనివాళ్ళు ఎవరైనా పనిచేస్తుంటే వాళ్ళనడగండి. ఒక ఫిట్టరుకు డ్రిల్లు బిట్టు కావాలంటే స్టోరులోకి తానే వెళ్ళి తీసుకోకూడదు. చీటీ రాసి స్టోర్ కీపరుకు ఇవ్వాలి. ఆ ఫిట్టరు మరో ఫ్యాక్టరీలో చేరాడు. అవే చేతులు, అదే రకం యంత్రం. కాని పాత ఫ్యాక్టరీ చీటీ ఇస్తే కొత్త స్టోర్ కీపరు తిప్పి పంపేస్తాడు. కంప్యూటరులో యంత్రం ప్రాసెసరు, ఫిట్టరు మన సాఫ్ట్‌వేర్, స్టోర్ కీపరు ఆపరేటింగ్ సిస్టం. ఫైలు తెరవాలన్నా, తెరమీద గీయాలన్నా సాఫ్ట్‌వేర్ దాన్నే అడగాలి. విండోస్ చీటీ వేరు, లినక్స్ చీటీ వేరు.

అసలు గేటు దగ్గరే తేడా తెలిసిపోతుంది. విండోస్ ప్రోగ్రాము ఫైలు "ఎం జెడ్" అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ పద్ధతిని రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలవి. లినక్స్ ప్రోగ్రాములో ఒక సంకేతం తర్వాత "ఈ ఎల్ ఎఫ్" అని ఉంటుంది.

కాబట్టి అన్ని ఫ్యాక్టరీల చీటీలూ విడివిడిగా నేర్చిన సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం మేలు. బ్లెండర్ అలాంటిది, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ దొరుకుతుంది. దాన్ని నడిపిన కంపెనీ మూతపడితే, 2002లో జనం లక్ష యూరోలు పోగుచేసి దాన్ని అందరి సొత్తుగా చేశారు. బొమ్మను ఎంచుకుని ఎస్ మీట నొక్కి, 2 కొట్టి, ఎంటర్ నొక్కితే రెండింతలు. కొత్త బ్లెండర్ 32 బిట్ల పాత కంప్యూటర్లలో పనిచేయదు. కాని పాత బ్లెండర్లను కూడా వాళ్ళ సైటులోనే భద్రంగా ఉంచారు. మీ కంప్యూటరుకు సరిపడేది అక్కడే వెతకండి. ఊరూ పేరూ లేని చోట్ల దొరికేవాటి జోలికి పోవద్దు, వాటిలో వైరసులు దాగి ఉండవచ్చు.

విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. పాత కంప్యూటర్లకు లినక్స్ ఒక దారి. సీ-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన "బాస్" కూడా లినక్సే. విండోస్ ప్రోగ్రామే కావాలంటే "వైన్" ఉంది. 1993లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్, విండోస్ చీటీని చదివి లినక్స్ చీటీగా తిరగరాసే గుమాస్తా అన్నమాట. అన్ని చీటీలూ దానికి రావు, అది వేరే సంగతి.

మొసలికి మాత్రం ఈ బాధలేవీ లేవు. అది ఉత్త సంఖ్యల పట్టీ. ఏ స్టోర్ కీపరైనా అందిస్తాడు. బ్లెండర్ సొంత ఫైలు కొత్తదానిలో దాస్తే పాతదానిలో సరిగా తెరుచుకోకపోవచ్చు. అందుకే ఓబీజే నకలు ఒకటి పక్కన ఉంచుకోండి.

ఒక పని చేసి చూడండి. నోట్‌ప్యాడ్‌లో ఎనిమిది "వి" వరుసలు, ఆరు "ఎఫ్" వరుసలు రాస్తే ఒక ఘనం తయారవుతుంది. దాన్ని విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ బ్లెండర్‌తో తెరవండి. తర్వాత ప్రతి "వి" వరుసలోనూ మూడో సంఖ్యను మాత్రమే 2తో గుణించండి. ఘనం ఏ ఆకారం అవుతుంది? ఘనపరిమాణం ఎన్ని రెట్లవుతుంది? మూడు సంఖ్యలనూ గుణిస్తే ఎన్ని రెట్లు? జవాబులు ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఫైలు తెరవండి.