గురిగింజ ఎత్తు

"సార్, గురిగింజలన్నీ ఒక్కటే బరువుంటాయా?" తరగతిలో ఆ పిల్ల అడిగిన సాయంత్రమే సిరుగుప్పలో మా వీధి ఆచారి అంగడికి పోయి కూర్చున్నాను. ఇప్పుడాయన తూకమంతా కరెంటు కాటా మీదే. తాత వాడిన త్రాసు మాత్రం చెక్కపెట్టెలో భద్రంగా ఉంది. జానెడు ఇత్తడి దండె, నడుమ ముల్లు, దారాలకు వేలాడే రెండు చిప్పలు, పెట్టె మూలన గురిగింజలు.

చిప్పకొక గింజ వేశాం. ముల్లు వాలింది. ఇంకో జత వేస్తే మళ్లీ వాలింది. అప్పుడు ఇటు వంద, అటు వంద లెక్కపెట్టి పోశాం. వాలింది గానీ, తేలికైన పక్క రెండు గింజలు వేసేసరికి నిలబడింది. ఒక్కో గింజది ఒక్కో బరువు. వంద కలిశాయంటే ఎక్కువతక్కువలు చాలావరకు ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి. సగటున గింజ 0.12 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. పైతోలు గట్టిది, తేమను లోపలికి రానివ్వదు. బంగారం తూచడానికి ఇంతకన్నా చవకైన రాయి ఎక్కడ దొరుకుతుంది?

నా మనసు మాత్రం దండె మీదే నిలిచిపోయింది. దాని బరువుకేంద్రం ఇరుసుకు బాగా కిందుంటే దండె మొండికేస్తుంది, చిన్న తేడాకు కదలదు. పైనుంటే కొంచెం మొగ్గినా తలకిందులవుతుంది. వెంట్రుకవాసి కిందుండాలి. అప్పుడే బియ్యపు నూకంత తేడాకైనా ముల్లు వాలి, వాలినచోట ఆగుతుంది. మరి దండెకు ఒక చేయి పొడుగైతే? "చిప్పల్లోవి అటువి ఇటు మార్చి చూడండి సారూ" అన్నారు ఆచారి. చేతులు సమానమైతే మార్చినా ముల్లు నిలిచే ఉంటుంది. కాకుంటే వాలిపోయి మోసం బయటపెడుతుంది. ఈ ఉపాయం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

తుంగభద్ర వెంట ఎగువకు పోతే హంపి. అక్కడ విఠలాలయం దగ్గర రాయల తులాభారం నిలబడే ఉంది. రెండు రాతి కంబాలు, పైన అడ్డదూలం, దాని అడుగున మూడు కొండీలు. రాజును బంగారంతో తూచేవారని చెప్పుకునే ఆ ఊళ్లోనే చెలామణి అయిన పణం సుమారు 0.35 గ్రాములు, అంటే మూడు గింజల ఎత్తు! కన్నడంలో డబ్బును ఇప్పటికీ హణ అనే అంటారు. దానికన్నా పెద్ద నాణెం వరహా సుమారు 3.4 గ్రాములు.

గ్రీకు నగరాల తూకాల పోటీ ఇంకా ముచ్చటైనది. కొరింథు రెక్కలగుర్రం నాణెం 8.6 గ్రాములు. ఏథెన్సు తూకంలో అది రెండు ద్రాఖ్మాలు, కొరింథు లెక్కలో మూడు. కొరింథువాళ్లు వలసపోయి సిసిలీలో కట్టుకున్న సిరక్యూసు పుట్టింటి లెక్క పట్టుకోలేదు. 17 గ్రాముల పైచిలుకు ఏథెన్సు తూకానికే తన పెద్ద వెండినాణెం కొట్టింది.

మనవైపు అలా కాలేదు. 1565 తర్వాత విజయనగరం చితికిపోయినా ఇక్కేరి నాయకులు, వాళ్ల తర్వాత హైదర్ అలీ ఆ పాత తూకానికే వరహాలు కొట్టారు. 1818లో మద్రాసు కుంపిణీ వెండి రూపాయిని నిలబెట్టి, వరహాకు మూడున్నర రూపాయలు కట్టింది. బళ్లారి సీమలోనూ లెక్క మారింది.

రేపు ఆ త్రాసును బడికి తీసుకుపొమ్మన్నారు ఆచారి. గింజలు లెక్కపెట్టే పని ఆ పిల్లదే.