మెదడులోకి పురుగు ఎలా వస్తుంది?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో జపాన్ హోటల్‌కి పోదామా అన్న మాట ఎప్పుడైనా వచ్చిందంటే, అది పంది మాంసం దగ్గరే ఆగిపోతుంది. 'అది తింటే పురుగు మెదడుకెక్కుతుందట' అని ఎవరో ఒకరు అంటారు. ముందు ఆ భయం సంగతే చూద్దాం.

అపోహ: పంది మాంసం తింటే పురుగు నేరుగా మెదడుకు పోయి ఫిట్స్ వస్తాయి.

అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ పోతే పంజాగుట్ట. అక్కడి నిమ్స్ న్యూరాలజీ డాక్టర్లకు ఈ జబ్బు కొత్తది కాదు. పేరు న్యూరోసిస్టిసర్కోసిస్. పుట్టినప్పటి నుంచి మాంసం ముట్టనివాళ్లకు కూడా ఇది వస్తుంది. పురుగు దారి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. సరిగా ఉడకని పంది మాంసంలో తిత్తులుంటే, తిన్నవాడి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు చేరేది ఆ పురుగు కాదు. దాని గుడ్లు ఆ మనిషి మలంతో బయటికొస్తాయి. ఆ మలం తగిలిన నీళ్ల వల్ల, పచ్చిగా తినే ఆకుకూరల వల్ల, సబ్బుతో కడగని చేతుల వల్ల గుడ్లు ఎవరి నోట్లోకి పోతే వాళ్ల రక్తంలో పిల్లపురుగులు ప్రయాణించి మెదడులో తిష్ఠ వేస్తాయి. పేగులో పురుగున్నవాడు తన చేతులతో తనకూ ఇంట్లోవాళ్లకూ అంటించవచ్చు. ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి ముందు భయపడాల్సింది బాగా ఉడికిన పంది కూరకు కాదు, కడగకుండా కొరికిన క్యారెట్‌కు, మరుగుదొడ్డి లేని ఊరికి.

బాగా ఉడకడం అంటే ఎంత? పంది మాంసం ముక్క లోపల 63 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, దించాక 3 నిమిషాలు అలాగే ఉంటే సురక్షితం. ఖీమాకైతే 71 డిగ్రీలు.

అపోహ: జపాన్‌వాళ్లు అన్నీ పచ్చిగానే తింటారు.

చేపల మాట వేరు. హోటళ్లలో పచ్చి పంది మాంసం, పచ్చి పంది లివర్ అమ్మడాన్ని జపాన్ 2015 జూన్‌లో నిషేధించింది.

అపోహ: పంది మాంసం మన తెలుగు తిండి కాదు, ఏదో ఒక కులానిది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. 16వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, అక్కడి రాజులు తినే మాంసాల్లో గొర్రె, జింక, కౌజులతోపాటు పందినీ రాశాడు. ఇటు పందుల్ని తరతరాలుగా పెంచి బతికిన ఎరుకల కుటుంబాలను ఊరు వెలివేసినట్టు చూసింది. రాజు పళ్లెంలో గౌరవం పొందిన మాంసమే పెంచినవాడి గుడిసె దగ్గర అసహ్యమైపోయింది.

అపోహ: జపాన్ పంది వంట అంటే ఒకటే.

ఒకినావాలో కొవ్వుపొరలున్న ముక్కల్ని సోయా సాస్, చక్కెర, అక్కడి సారాతో గంటలకొద్దీ ఉడికిస్తే రాఫుతే. కగోషిమాకు నల్లపందులు పేరు. ఆ జాతి మూలం ఇంగ్లండు బెర్క్‌షైర్. నగోయాలో వేయించిన ముక్కపై మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసు పోస్తారు. ఆ వేయించిన ముక్కే టోన్‌కాట్సు. 'టోన్' పంది, 'కాట్సు' మన రైల్వే క్యాంటీన్‌లో దొరికే కట్లెట్ మాటే.

ఒక్క అక్షరం మారితే అది టోన్‌కోట్సు. 'కోట్సు' అంటే ఎముక. 1937లో కురుమె పట్టణంలో మొదలైన రామెన్ (నూడుల్స్ సూప్) ఇది. ఎముకల్ని గంటలతరబడి మరిగించడం వల్ల రసం పాలలా తెల్లబడుతుంది. గిన్నెలో ఒక్క ముక్క కనబడకపోయినా అది పంది రసమే. మతం వల్లో, మనసొప్పకో తిననివాళ్లు 'ఇందులో పంది ముక్కలున్నాయా' అని అడిగితే చాలదు, 'రసం దేనితో కాచారు' అని అడగాలి.