తండ్రి కొట్లో జీతం - బ్యాంకు నమ్మేదెలా?

రాయ్‌పూర్‌లో బిలాస్‌పూర్ రహదారిపై ఉన్న భన్‌పురి కలప అడితీలకు, రోలింగ్ మిల్లులకు పేరుపడిన పారిశ్రామిక ప్రాంతం. ఇటువంటి వ్యాపార వాడల్లో తండ్రి గల్లాపెట్టె వద్ద కూర్చుంటే కొడుకు సరుకు చూసుకోవడం, ఖర్చుకు కావలసింది గల్లాలోంచే తీసుకోవడం పరిపాటి. కొడుకు గృహ రుణానికి దరఖాస్తు చేసుకున్ననాడే చిక్కు మొదలవుతుంది. అతని జీతమెంత?

తండ్రి సంతకం చేసిన జీతం చీటీ ఒక్కటే బ్యాంకును తృప్తిపరచదు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకే ఇంటివారైనప్పుడు రుణం కోసమే అంకె పెంచారన్న సందేహం సహజం. అందుకే నెలనెలా ఖాతాలో జమయిన జీతం, రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, టీడీఎస్ ధ్రువపత్రం, సంస్థ ఆడిట్ లెక్కలు వంటి ఆధారాలను బ్యాంకులు కోరతాయి.

అలాగని జీతాన్ని ఒక్కసారిగా పెంచి చూపడమూ క్షేమం కాదు. బంధువులకిచ్చిన జీతం పనికి తగినదానికంటే అధికమని తేలితే, ఆ అదనాన్ని వ్యాపార ఖర్చుగా అంగీకరించకుండా తోసిపుచ్చే అధికారాన్ని ఆదాయపు పన్ను చట్టం అధికారులకు ఇచ్చింది.

కొడుకు భాగస్వామి అయితే దారి వేరు. అతను జీతం పేరిట తీసుకున్నా పన్ను లెక్కలో అది వ్యాపార ఆదాయమే. కనుక సంస్థ లాభనష్టాల పట్టికలనూ చూపవలసి ఉంటుంది.

ఆధారాలు చాలనప్పుడు తండ్రిని సహ దరఖాస్తుదారుగా చేర్చుకోవచ్చు. అయితే బాకీ తీర్చే బాధ్యత ఆయనపైనా పడుతుంది. ఇల్లు తలపెట్టడానికి రెండు మూడేళ్ల ముందే జీతాన్ని ఖాతాకు మళ్లించి, ఏటా రిటర్ను దాఖలు చేయడమే మేలు. గల్లా సొమ్ముతో సంసారం సాగుతుంది గాని, బ్యాంకులో అప్పు పుట్టదు.