పురసభయు, మన పిల్లల చదువును

జనులను అత్తిబెలెకు రప్పించునవి పారిశ్రామికవాడలోని కర్మాగారములు; నిలుపునవి మాత్రము త్రాగునీరు, మురుగుకాలువ, వీధిదీపము, పాఠశాల. తెలుగు చదువు కొరకే మకాము మార్చిన కుటుంబములను మేమెరుగుదుము. కొళాయి ఆగిననాడు పురసభకు అర్జీతో పోవుదుము. బడి విషయమున మాత్రము బెంగళూరులోని ప్రభుత్వమునే తలంతుము. కాని 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన వసతులు కల్పించుటకు రాష్ట్రముతోపాటు ప్రతి స్థానిక సంస్థయు యత్నింపవలెనని చెప్పుచున్నది. ‘యత్నింపవలెను’ అనియే కాని ‘కల్పించి తీరవలెను’ అని లేదు. కావున అడుగనిదే రాదు.

ఆస్తిపన్నుతో 1965 నాటి చట్టముననుసరించి గ్రంథాలయ సెస్సును చెల్లించుచునే యున్నాము. కన్నడము మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే, సందేహము లేదు. గ్రంథాలయమున ఒక బీరువాడు తెలుగు పుస్తకములు కోరుట అత్యాశ కాదు. వచ్చు ఏడాది పన్ను కట్టబోవునప్పుడు ఆ అర్జీయు చేతనుండనిండు.