చేవ చావని బల్ల

ఇల్లు మారేటప్పుడు ఏది లారీ ఎక్కాలి, ఏది పాతసామాన్లకు పోవాలి అన్న చర్చ చాలా ఇళ్ళలో భోజనాల బల్ల దగ్గరికొచ్చి ఆగిపోతుంది. పలక నిండా తెల్లటి మచ్చలు, అంచుల్లో జిడ్డు, చెయ్యి ఆనిస్తే ఊగే కాళ్ళు. షోరూంలో కొత్త బల్ల అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ఏదో ఒకటి తేల్చుకునే ముందు బల్ల కిందికి దూరి, పలక అడుగుభాగం చూడండి. పాలిష్ తగలని ఆ చోట చెక్క తన అసలు రంగులో కనిపిస్తుంది. బంగారు గోధుమ రంగు, మధ్యలో ముదురు చారలు, వేలితో రుద్దితే సన్నగా నూనె తగిలినట్టు ఉంటే అది టేకు అయ్యుండొచ్చు.

అలాంటి బల్లని అమ్మేయకండి. ఒకప్పటి టేకు అడవిలో నిదానంగా పెరిగిన చెట్టుది. తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించిన దుంగలవి కొన్ని, బర్మా నుంచి ఓడల్లో వచ్చినవి కొన్ని. బర్మా ప్రభుత్వం 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతినే ఆపేసింది. ఇప్పుడు దొరికే టేకులో ఎక్కువ భాగం తోటల్లో పెంచి, చేవ పూర్తిగా పట్టకముందే కోసినది. మీ ఇంట్లో మచ్చలు పడి నిలబడ్డ పలకలాంటిది డబ్బు పెట్టినా దొరకడం కష్టం.

పాత బల్ల బాగుచేద్దామని కూర్చోగానే చెయ్యి సాండ్‌పేపర్ మీదికి పోతుంది. అది చివర పట్టుకోవాల్సిన వస్తువు. ముందు బల్ల మీద ఉన్న పూత ఏమిటో తెలియాలి. దూదికి కొంచెం స్పిరిట్ అద్ది, కంటపడని మూలలో కాసేపు అదిమి ఉంచండి. పూత కరిగి జిగటగా అంటుకుంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి చలించకుండా థిన్నర్‌కి కరిగితే లాకర్. రెండింటికీ లొంగకపోతే మెలమైనో పాలీయురెథేనో అనుకోవచ్చు.

లక్క అని తేలితే మీ అదృష్టం. మోదుగ, కుసుమ వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురే ఈ లక్క. దీని మీద పరిశోధన కోసమే 1924లో రాంచీ దగ్గర ఒక సంస్థ పెట్టారు. వినైల్ రాకముందు గ్రామఫోన్ రికార్డులు తయారైంది దీనితోనే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఏటికొప్పాక బొమ్మలకు ఆ నిగనిగ ఇచ్చేదీ ఇదే. లక్కకున్న గొప్ప గుణం, ఎండి ఎన్నేళ్ళయినా స్పిరిట్ తగలగానే మళ్ళీ కరగడం. కొత్త పూత పాత పూతలో కలిసిపోతుంది. అంటే పలకంతా గీకనక్కర్లేదు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, జిడ్డు తుడిచి, ఆరాక పల్చగా లక్క పట్టిస్తే చాలా బల్లలు తేరుకుంటాయి. నా మాట వింటే మొదటి ప్రయత్నంగా ఇంతకంటే ఎక్కువ చేయకండి.

మచ్చల్లోనూ తేడా ఉంది. వేడి గిన్నె పెట్టినచోట పడే తెల్లటి వలయం పూతలో చిక్కుకున్న తేమ మాత్రమే, చెక్కకు ఏమీ కాలేదు. స్పిరిట్ చెమ్మ మాత్రమే ఉన్న గుడ్డతో తేలికగా ఒకటి రెండుసార్లు రాస్తే చాలాసార్లు పోతుంది. నల్లటి మచ్చ వేరు. నీరు పూతను దాటి చెక్కలోకి దిగి, ఇనుముతో కలిసి పెట్టిన మరక అది. పూత తీసేశాక ఆక్జాలిక్ యాసిడ్‌ను నీళ్ళలో కలిపి రాస్తే మరక వదులుతుంది. అది విషం కాబట్టి చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పవు. తర్వాత నీళ్ళతో బాగా కడిగినట్టు తుడవాలి. బరువైనదేదో పడి గుంట పడితే పూత తీశాక తడిగుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె కాసేపు ఆనించండి. నలిగిన చెక్క ఆవిరికి ఉబ్బి పైకి లేస్తుంది. కోసుకుపోయిన గాటు మాత్రం లేవదు.

ఊగే కాళ్ళకు మేకులు కొట్టడం మన ఇళ్ళల్లో పాత అలవాటు. దయచేసి మానండి. మేకు చెక్కని చీలుస్తుంది, తర్వాత వచ్చే వడ్రంగికి విప్పే వీలు లేకుండా చేస్తుంది. కాలికీ పట్టీకీ మధ్య కుసి బెజ్జంలో వదులైంది, అంతే. పాత కాలం బంక జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. వేడినీళ్ళకు, ఆవిరికి మెత్తబడుతుంది. మెల్లగా విప్పి, పాత బంక పూర్తిగా గీకి, అప్పుడు ఫెవికాల్ పెట్టి, తాడుతో మెలేసి బిగించి ఒక రోజు కదపకుండా ఉంచాలి. పాత బంక మీదే కొత్తది రాస్తే పట్టు రాదు. ఇంకోటి, పలకని మాత్రం కింది చట్రానికి ఎక్కడా అతికించకండి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. కదలనివ్వకపోతే నిలువునా చీలుతుంది.

పూత పూర్తిగా పాడైతే గీకక తప్పదు. పలక అంచు ఒకసారి పరిశీలించండి. పైన కాగితంలాంటి పల్చటి పొర వేరుగా కనిపిస్తే అది వెనీర్. మిషన్ జోలికి పోకుండా చేత్తో, అదీ పొదుపుగా రుద్దాలి. నిండు చెక్క అయితే 120 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 180, 220 దాకా, ఎప్పుడూ చారల వెంటే రుద్దండి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనిపించవు, పాలిష్ పడగానే లేచి నిలబడతాయి. చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం. మాస్కు పెట్టుకుని ఆరుబయటే చేయండి. పాత రంగు వేసిన బల్ల అయితే మరీ జాగ్రత్త. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నియమం 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అంతకుముందటి రంగును పొడిగా రుద్దకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ఇక కొత్త పూత. షాపుల్లో రెండు డబ్బాల పీయూ (పాలీయురెథేన్) గట్టిదని చెబుతారు, నిజమే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఇంట్లో స్ప్రే చేస్తే ఊపిరితిత్తులకు ముప్పు. పైగా రేపు గీత పడితే ఆ ముక్కకే సర్దడం కష్టం. రేపు మరొకరు బాగుచేయగలిగే పూతనే నేను ఎంచుకుంటాను. కాళ్ళకు, చట్రానికి లక్క. లీటరు స్పిరిట్‌కి సుమారు 120 గ్రాముల లక్క రేకులు రాత్రి నానబెట్టి వడకట్టుకోవాలి. పాత నూలు పంచె ముక్కలో దూది చుట్టి, దానితో పల్చటి పొరలుగా రాయాలి. ముసురు పట్టిన రోజుల్లో వద్దు, గాలిలో తేమకి పూత పాలు పోసినట్టు తెల్లబడుతుంది. సంక్రాంతి దాటాక వచ్చే పొడి రోజులు మంచివి.

పలక సంగతి వేరు. లక్క సుమారు 75 డిగ్రీలకే మెత్తబడుతుంది, పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నెకు ఆగదు. పలకకు నూనె వార్నిష్ మేలు. టేకులో సహజంగా ఉండే నూనె వార్నిష్‌ని ఆరనివ్వదు కాబట్టి ముందు థిన్నర్‌తో తుడిచి, ఆరిన వెంటనే మొదలుపెట్టాలి. వార్నిష్‌ని పల్చన చేసి గుడ్డతో రాసి, ఆరాక 320 నంబరుతో తేలికగా తాకించి మళ్ళీ రాయండి. మూడు నాలుగు పొరలు చాలు. అవిసె నూనె గానీ వార్నిష్ గానీ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవి ఆరుతూ తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

మర్నాటికి చేతికి అంటకపోయినా, లోపల గట్టిపడటానికి వార్నిష్‌కి కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా కాపాడదామని ప్లాస్టిక్ షీటు పరిచారంటే, అందులోని రసాయనం పూతని మెత్తబరిచి షీటుకే అతుక్కునేలా చేస్తుంది. గుడ్డ పరవండి, వేడి గిన్నెల కింద చెక్క స్టాండు పెట్టండి.