ఊరి సభ – సభామర్యాద

నాగార్జునసాగరమునకు పోవు బాటయు, హైదరాబాదు నగరమును చుట్టివచ్చు ఔటరు రింగురోడ్డును కలియుచోట బొంగులూరు గ్రామమున్నది. అచటి పంటపొలములు పెక్కు నేడు ఇండ్ల స్థలములైనవి. ఇరుగున కొంగరకలానులో 2022లో జిల్లా కలెక్టరు కార్యాలయము వెలసినది. 2018లో ఆదిభట్ల పురపాలకసంఘ మేర్పడగా బొంగులూరు దానిలో చేరినది. ఆ సంఘము 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలకసంస్థలో కలిసిపోయినది. ఈ మార్పులవలన దీపములు రావచ్చును, బాటలు రావచ్చును, భూముల ధరలు పెరుగవచ్చును. కాని ఊరు కోల్పోయినది ఒకటి కలదు. అది గ్రామసభ.

రాజ్యాంగమునకు 1992లో జరిగిన డెబ్బదిమూడవ సవరణ ననుసరించి, ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతివారును గ్రామసభకు సభ్యులే. వారి నెవరును నియమింప నక్కరలేదు. రెండు నెలలకొకమారు ఆ సభ జరుపవలెనని 2018నాటి తెలంగాణ పంచాయతిరాజ్ చట్టము విధించినది. పట్టణములకై 2019లో వచ్చిన పురపాలక చట్టమునందో, వార్డునకు నాలుగు సంఘములు, ఒక్కొక్క సంఘమునకు పదునైదుగురు సభ్యులు; వారందరును నియమితులే. నిన్నటివరకు సభ్యుడై పలికిన రైతు నేడు అర్జీదారుడై నిలువవలసివచ్చినది.

అయినను మన మొక ప్రశ్న వేసికొనవలెను. గ్రామసభ యున్ననాళ్లు దానిని మనము సద్వినియోగము చేసికొంటిమా? హాజరుపట్టీపై సంతకములు పడుట, ఇద్దరు పెద్దలు వాదులాడుట, తక్కినవారు మౌనముగా ఇండ్లకు మరలుట – ఇంతియేగదా పెక్కు గ్రామములందలి అనుభవము. సభ చట్టమువలన పుట్టవచ్చును గాని మర్యాదవలననే బ్రతుకును.

ఇందులకు మన చరిత్రయే సాక్ష్యము. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ రంగశాలలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార మహాసభ జరిగినది. ఇతర భాషలలో పలికినవారిని సభ్యులు సావధానముగా వినిరి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగనే కేకలు వేసి, చప్పట్లు చరచి గేలి చేసిరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఒక్కని నోరు మూయించిన ఆ సభ ఒక జాతి విశ్వాసమునే కోల్పోయినది.

ఆ సంఘమునుండి పెరిగిన ఉద్యమమే 1930లో జోగిపేట యందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభను జరిపినది. ఆనాడు 53వ గస్తీ అమలునందుండుటచే సభకు సర్కారు అనుమతి ముందుగా పొందవలసియుండెను. 1936లో షాదునగరున జరిగిన మహాసభకు అధ్యక్షులైన కొండా వేంకటరంగారెడ్డిగారి పేరనే 1978లో మన జిల్లా యేర్పడినది. అనుమతి బిక్షగా దొరకిన దినములలో మనవారు సభలు నడిపిరి. అనుమతి అక్కరలేని దినములలో మనము నడుపలేమా?

బొంగులూరువంటి ఊళ్లు తమంత తామే నెలకొకమారు కూడవచ్చును. దానికి ఖర్చు లేదు. నియమములు మాత్రము కావలెను. చర్చింపవలసిన విషయములను వారము ముందుగా అందరికిని తెలుపవలెను. ఒకరు పలుకునపుడు వేరొకరు పలుకరాదు. వాననీటి కాలువ పూడినదని చెప్పవచ్చును గాని, పూడ్చినవాని కులగోత్రముల నెన్నరాదు. తన భూమికి సంబంధించిన విషయము వచ్చినపుడు అధ్యక్షుడు పీఠము దిగవలెను. హద్దు మీరినవాడు తన బంధువైనచో వానినే మొదట వారింపవలెను. అపుడు గాని పరులు ఆతని మాట మన్నింపరు. తీర్మానములను తెలుగున వ్రాసి, మరుసటి సభలో చదివి, ఏది నెరవేరినది, ఏది నెరవేరలేదు అని చెప్పవలెను. ఫలితము చెప్పని సభకు రెండవమారు జనము రారు.

ఇందు భూస్వాముల బాధ్యత పెద్దది. ఊరిలో వారి మాటకు బలము కలదు. కావున వారు చివర పలుకుట మేలు. మొదటనే వారు పలికినచో కూలివాడును, స్త్రీయు, నిన్న మొన్న కాలనీకి వచ్చిన కాపురస్థుడును నోరు విప్పరు. క్రొత్తవారును ఊరివారిని పామరులని తలపరాదు. ఏ చెలక నుండి ఏ వాగునకు నీరు దిగునో పటము చూచినవానికంటె ఆ చెలక దున్నినవానికే ఎక్కువ తెలియును.

ఊరు నగరములో కలియుట మన చేతిలో లేకపోయినది. ఊరివారు ఒకచోట కూర్చుండి ఒకరి మాట నొకరు వినుట మాత్రము నేటికిని మన చేతిలోనే యున్నది. దానినికూడ పోగొట్టుకొన్నచో తప్పు సర్కారుది కాదు, మనది.